వర్చువల్ మెషీన్లు కనిపించట్లేదని రికవరీ సాఫ్ట్‌వేర్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇలాంటివాటికి డబ్బు కట్టేది తెలియనివాళ్లేనని అనుకునేదాన్ని. తీరా నేనే కట్టాను.

ల్యాప్‌టాప్‌లో కొత్త యూజర్ అకౌంట్ పెట్టుకుని అందులోంచి వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే సాఫ్ట్‌వేర్) తెరిస్తే జాబితా ఖాళీ. 3 మెషీన్లు, ఒకదానిలో 4 నెలల పని, ఒక్కటీ లేదు, అప్పుడే ఇన్‌స్టాల్ చేసినట్టు స్వాగతం చెబుతోంది. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ కంగారులో వెతికితే, పోయిన వర్చువల్ మెషీన్లు తెచ్చిస్తామనే సాఫ్ట్‌వేర్ ఒకటి తగిలింది. స్కాన్ ఉచితమే. రాత్రంతా స్కాన్ చేసి, పొద్దున ఎర్రటి అక్షరాల్లో '3 డిస్కులు దొరికాయి' అని చూపించి, కావాలంటే లైసెన్స్ కొనమంది.

కొన్నాను. అది చేసిందల్లా డీ డ్రైవ్‌లో ఉన్న వీడీఐ ఫైళ్లను (మెషీన్ల డిస్కులంటే ఇవే) ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేయడం! అసలువి ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏదీ డిలీట్ కానేలేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాత. ఆ కాపీతో కొత్త మెషీన్ చేసి ఆన్ చేస్తే లోపల 4 నెలల కిందటి సరుకే ఉంది. స్నాప్‌షాట్ (మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో అలా దాచిపెట్టుకోవడం) తీశాక మనం చేసే మార్పులన్నీ స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో వేరే ఫైల్‌లోకి పోతాయి, మొదటి డిస్కు ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. వీళ్ల సాఫ్ట్‌వేర్ ఆ మొదటి డిస్కునే పట్టుకొచ్చి చేతులు దులిపేసుకుంది. కాపీ కాబట్టి బతికిపోయాను, అసలు డిస్కునే అలా తగిలించి ఆన్ చేసి ఉంటే దాని మీద ఆధారపడిన స్నాప్‌షాట్లు పనికిరాకుండా పోయేవి.

ఇంతకీ సంగతేంటంటే, వర్చువల్‌బాక్స్ జాబితా ఏ యూజర్‌ది ఆ యూజర్‌కే. కొత్త అకౌంట్‌లో ఖాళీగా కాక ఎలా ఉంటుంది! మెషీన్ ఫోల్డర్‌లో వీబాక్స్ ఎక్స్‌టెన్షన్‌తో ఒక చిన్న ఫైల్ ఉంటుంది, మెషీన్ మెనూలో యాడ్ నొక్కి దాన్ని చూపిస్తే చాలు. నాకైతే అదే యూయూఐడీతో (ప్రతి డిస్కుకూ ఉండే గుర్తింపు సంఖ్య) డిస్కు ఇప్పటికే ఉందని ఎర్రర్ కొట్టింది, ఆ దిక్కుమాలిన కాపీ పుణ్యమే. దాంతో చేసిన మెషీన్‌నీ, వర్చువల్‌బాక్స్ డిస్కుల జాబితా ఉండే మీడియా మేనేజర్‌లోంచి కాపీనీ తీసేశాక మూడూ స్నాప్‌షాట్లతో సహా వచ్చేశాయి.

వర్చువల్‌బాక్స్ బదులు విండోస్‌లోని హైపర్‌-వీ వాడేవాళ్లు హైపర్‌-వీ మేనేజర్‌ని ముందు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూడండి, ఆ అనుమతి లేకపోతే జాబితా ఖాళీగానే ఉంటుంది. యాంటీవైరస్ మెషీన్ ఫైళ్లను పట్టుకుని కూర్చున్నా మెషీన్లు కనిపించవు. ఇలాంటిదే ఇంకోటి, వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో అయితే ఓపెన్ కొట్టి మెషీన్ ఫోల్డర్‌లోని వీఎంఎక్స్ ఫైల్ చూపిస్తే సరిపోతుంది.

ఉచిత స్కాన్ చేసినా పర్లేదు, కానీ దొరికిందంటున్న ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూసి, ముందు మీరే ఎక్స్‌ప్లోరర్‌లో తెరవండి. అక్కడ కనిపిస్తుంటే పైసా కట్టొద్దు.

నేను డబ్బు వాపసు అడిగితే, లైసెన్స్ కీ యాక్టివేట్ అయింది, ఫైళ్లు 'విజయవంతంగా' రికవర్ అయ్యాయి కాబట్టి కుదరదన్నారు. ఆ ఫైళ్లు పోనేలేదని స్క్రీన్‌షాట్లు పెట్టి మళ్లీ రాశాను, ఇప్పటిదాకా జవాబు లేదు.