యాప్‌లో హెల్త్ పాలసీ తీసుకున్నారా? ముందు ప్రపోజల్ ఫారం తెరిచి చూడండి

ఫోన్లో యాప్ ద్వారా గానీ, ఆ యాప్ తరఫున మాట్లాడే టెలికాలర్ ద్వారా గానీ ఇంట్లో పెద్దవాళ్లకు హెల్త్ పాలసీ తీసుకున్నవాళ్లు ఇవాళే ఆ పీడీఎఫ్ తెరవండి. ప్రీమియం, కవర్ వివరాలుండే రంగురంగుల మొదటి పేజీ కాదు. వెనక ఎక్కడో ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మన వివరాలతో నింపిన దరఖాస్తు, ఉంటుంది. అందులో ముందు నుంచీ ఉన్న జబ్బుల గడి దగ్గర ఏం రాసుందో చదవండి. మీరు చెప్పిందొకటి, అక్కడున్నది ఇంకొకటి అయితే, పాలసీ కాగితం అంది 30 రోజులు దాటకపోతే రద్దు చేసుకోవచ్చు. కొద్దిపాటి కోతలు పోను డబ్బు వెనక్కి వస్తుంది. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. 30 రోజులు దాటిపోయినా ఊరుకోవద్దు. ఫలానా జబ్బు ఉంది, ఫారంలో తప్పు పడింది, సరిచేయండి అని నేరుగా బీమా కంపెనీకి మెయిల్ పెట్టండి. ప్రీమియం పెంచుతారేమో, పాలసీ మాకొద్దంటారేమో. ఏదైనా ఆసుపత్రి బెడ్డు మీద తెలియడం కన్నా ఇప్పుడు తెలియడమే నయం.

మా ఇంట్లో జరిగింది ఇదీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు కదా, ఆ తర్వాత ఈ యాప్‌ల వాళ్లకు పండగే పండగ. పొద్దున లేస్తే ఫోన్లే. మా అమ్మకు 66 ఏళ్లు, పాతికేళ్లుగా ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసి మానేసింది, ఏ కవరూ లేదు. సరే అని ఒక కుర్రాడితో మాట్లాడాం. స్పీకర్ ఆన్ చేసి ఉంది, అమ్మే చెప్పింది: "బాబూ, నాకు షుగరుంది, రోజూ మాత్ర వేసుకుంటాను." అతనేమో "పర్లేదమ్మా, కంట్రోల్లోనే ఉంది కదా, నేను చూసుకుంటా" అన్నాడు. మాత్ర పేరు అడిగితే మెట్‌ఫార్మిన్ స్ట్రిప్‌ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాం. దానికి బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఆ తర్వాత ఓటీపీ చెప్పమన్నాడు, చెప్పాం, పాలసీ వచ్చేసింది. ఆ ఓటీపీ చెప్పడమంటే ఫారం కింద సంతకం పెట్టడమేనని ఆ ఫోన్ కాల్‌లో ఎవరూ అనలేదు.

ఫారంలో షుగర్ గడి దగ్గర ఉన్నది 'లేదు'.

ఎందుకలా రాస్తారో ఇప్పుడు బాగా అర్థమైంది. ఉందని రాస్తే ఫైలు అండర్‌రైటింగ్‌కి, అంటే పాలసీ ఇవ్వాలా, ఎంతకివ్వాలా అని కంపెనీ తేల్చే చోటికి పోతుంది, రక్త పరీక్షలంటారు, ప్రీమియం పెరుగుతుంది, కొనేవాడు రేపు చూద్దాంలే అంటాడు. ఆ నెల టార్గెట్ పోతుంది. లేదని రాస్తే పది నిమిషాల్లో అమ్మకం అయిపోతుంది. క్లెయిమ్ వచ్చే రోజుకి ఆ కుర్రాడు ఆ ఉద్యోగంలో ఉండడు, ఉన్నా మన ఫోన్ ఎత్తడు.

చలికాలంలో అమ్మకు న్యుమోనియా. ఐసీయూలో పెట్టారు. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో క్యాష్‌లెస్‌కి, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేలా, పంపారు. 2024 మేలో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగితే గంటలోపు తేల్చాలి, డిశ్చార్జి బిల్లుకి మూడు గంటల్లోపు అనుమతివ్వాలి. గంటలోపే జవాబిచ్చారు, కాదనను. "ఇంకో కాగితం పంపండి" అన్నదే ఆ జవాబు. అది పంపితే ఇంకొకటి. చివరికి కేస్ షీట్ అడిగారు. అందులో డ్యూటీ డాక్టర్ 'కె/సి/ఒ డీఎం' అని గీకి ఉన్నాడు. పాత షుగర్ పేషెంటు అని దానర్థం. అంతే, జబ్బు దాచిపెట్టారు కాబట్టి క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం, పాలసీ కూడా రద్దు చేస్తున్నాం అని మెయిల్. రెండు లక్షల పైచిలుకు బిల్లు, అన్నయ్యా నేనూ కలిసి కట్టాం.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, షుగర్ ఉందని ఫారంలో రాసి ఉన్నా ఈ న్యుమోనియా క్లెయిమ్ వచ్చేది. పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే అది గడిచేదాకా వాటికి క్లెయిమ్ రాదు, 2024 నుంచి అది మూడేళ్లు మించకూడదు. అది షుగర్‌కీ, దాని వల్ల వచ్చేవాటికీ వర్తిస్తుంది. కొత్త పాలసీలో జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని మొదటి 30 రోజులు గడిచాక వచ్చిన ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కి దానితో ఏం పని? అంటే ఆ 'లేదు' వల్ల మాకు మిగిలింది ఏడాదికి నాలుగు డబ్బుల ప్రీమియం, పోయింది మొత్తం పాలసీ.

యాప్ వాళ్లను అడిగితే "మేం టెక్నాలజీ ప్లాట్‌ఫాం మాత్రమే సార్, నిర్ణయం బీమా కంపెనీది" అంటారు. ప్రకటనల్లో మాత్రం క్లెయిమ్ రోజు మీ పక్కనే ఉంటామంటారు! వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో లైసెన్స్ ఏమిటో ఉంటుంది, చూడండి. బ్రోకర్ అని ఉంటే వాడు పనిచేయాల్సింది కొనేవాడి తరఫున. ఏజెంటు అయితే కంపెనీ మనిషి. సాఫ్ట్‌వేర్ ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత ఎగిరిపోదు. అన్నట్టు మా ప్రీమియం బిల్లులో అడగని యాక్సిడెంట్ కవర్ కూడా ఒకటి ముందే టిక్ పెట్టి కలిపారు. ఇలా అడగనివి బుట్టలో వేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లోనే నిషేధించింది, ఇలాంటి 13 రకాల మాయల జాబితా ఇచ్చింది మరీ.

ప్రభుత్వం సంగతి కూడా అనాలి. పన్ను తీసేయడం మంచి పనే, చాలా ఏళ్లుగా అడుగుతున్నదే. కానీ కంపెనీలకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే తమ ఖర్చుల మీద కట్టిన పన్నుని సర్దుబాటు చేసుకునే వీలు, కూడా పోయింది, ఆ లోటుని బేస్ ప్రీమియంలో (పన్ను కలపక ముందు ధరలో) కలిపేసే వీలుంది. రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు పాత బేస్, కొత్త బేస్ పక్కపక్కన పెట్టి చూసుకోండి. సీనియర్ సిటిజన్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశమొచ్చింది. రూల్సుకి మనకేం కొదవ లేదు. ఆ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. ఓటీపీతో ఫారం నింపే పద్ధతిలో కొనేవాడికి ఆ గడులన్నీ తెలుగులో చదివి వినిపించాలని ఒక్క నియమం గట్టిగా అమలు చేస్తే ఇలాంటి సగం గొడవలు ఉండవని నా అభిప్రాయం. పాలసీ సారాంశం ఉండే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌ని అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని ఇప్పటికే ఉంది. అడగండి, ఇస్తారు.

రిజెక్ట్ అయినవాళ్లు ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి (గ్రీవెన్స్ సెల్) రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఫోన్లో అరిచి లాభం లేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో కూడా పెట్టొచ్చు, ఫోన్ అయితే 155255. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బీమా గొడవలు తీర్చే అధికారి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాది దాటనివ్వొద్దు. క్లెయిమ్ తిరస్కరించాలంటే కంపెనీ లోపల రివ్యూ కమిటీ ఒప్పుకోవాలని ఆ 2024 సర్క్యులర్‌లోనే ఉంది, ఆ కమిటీ నిర్ణయం కాపీ అడగండి. యాప్‌లో ఆటో పే పెట్టి ఉంటే యూపీఐలో ఆ మ్యాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతి) తీసేయండి, రద్దయిన పాలసీకి కూడా డబ్బు లాగే ప్రమాదముంది.

ఇంట్లో 70 దాటినవాళ్లుంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసిపెట్టండి, 2024 అక్టోబర్ నుంచి ఏడాదికి 5 లక్షల వరకు ఉంది. నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రుల్లోనే పనిచేస్తుంది గానీ, ఉండి ఉంటే మంచిది. మా అమ్మకు ఇంకా వయసు రాలేదు.

మా ఫైలు ఇప్పుడు అంబుడ్స్‌మన్ దగ్గరుంది. వాట్సాప్‌లో స్ట్రిప్ ఫొటో, ఆ బొటనవేలు బొమ్మ, తేదీతో సహా ప్రింట్ తీసి జత చేశాం. అమ్మ మాట్లాడిన కాల్ రికార్డింగ్ ఇమ్మని యాప్ వాళ్లకు మెయిల్ మీద మెయిల్ పెడుతున్నాం, "సంబంధిత విభాగానికి పంపాం" అన్న జవాబే తప్ప రికార్డింగ్ రావడం లేదు. ఇలాంటి కేసులో ఎవరైనా రికార్డింగ్ రాబట్టగలిగి ఉంటే, ఎవరికి ఏమని రాశారో కాస్త చెప్పండి.