మెడ నరాల డాప్లర్: హనుమకొండలో రెండు స్కానింగ్ సెంటర్లు, రెండు రిపోర్టులు

గత నెలలో ఒక ఉదయం చాయ్ తాగుతుండగా మా బాపు కుడి చేతిలో పట్టు తప్పి గ్లాసు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది, పది నిమిషాల్లో అంతా మామూలైపోయింది. రాత్రి నిద్ర లేకపోవడం వల్లనే అని ఆయన కొట్టిపారేశారు గానీ, అదే రోజు చూపించిన న్యూరాలజిస్టు మాత్రం దాన్ని మినీ స్ట్రోక్‌గా లెక్కగట్టి, మందులు మొదలుపెట్టి, మెదడు స్కాన్‌తో పాటు మెడ రక్తనాళాల డాప్లర్ (నాళాల్లో రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండ్ స్కాన్) కూడా వెంటనే చేయించమన్నారు. ఆ డాప్లర్‌ను ఒక్క రోజు తేడాతో హనుమకొండలోనే రెండు చోట్ల చేయించవలసి వచ్చింది.

మొదటి సెంటర్‌లో పరీక్ష ఐదారు నిమిషాల్లో ముగిసింది. చేతికి వచ్చిన రిపోర్టులో ఎడమ వైపు నాళం సుమారు 40 శాతం సన్నబడిందన్న ఒక్క వాక్యం తప్ప, రక్తవేగం ఎంతో, పేరుకున్న కొవ్వు ఎలాంటిదో ఒక్క ముక్క లేదు. న్యూరాలజిస్టు దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, మళ్లీ చేయించమన్నారు. డబ్బు పోయిందన్న బాధకంటే, మినీ స్ట్రోక్ వచ్చిన మనిషికి అన్నిటికన్నా విలువైన ఒక రోజు పోయిందన్న బాధే ఎక్కువ.

నక్కలగుట్ట వైపున్న రెండో సెంటర్‌లో టెక్నీషియన్ కాకుండా రేడియాలజిస్టే స్వయంగా కూర్చుని, దాదాపు అరగంట చూశారు. “గడ్డం పైకెత్తి తల అటు తిప్పు పెద్దాయనా, మింగకు” అంటూ జెల్లీ రాసిన ప్రోబ్‌ను గొంతు పక్క నుంచి దవడ కింది దాకా నెమ్మదిగా నడిపించారు. పెద్ద నాళం రెండుగా చీలేది అక్కడే, కొవ్వు ఎక్కువగా పేరుకునేదీ అక్కడే. తెర మీద ఎరుపు, నీలం కనబడగానే బాపు “ఎర్రది మంచి రక్తం, నీలిది చెడ్డదా సారూ?” అని అడిగితే, ఆయన విసుక్కోకుండా, అది రక్తం ప్రోబ్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్న దిశను మాత్రమే చూపిస్తుందని చెప్పారు. తరువాత రంగు తీసేసి నలుపు-తెలుపు బొమ్మ ఒక్కటే చూపించినప్పుడు నాకు ఏ అడ్డూ కనబడలేదు. మళ్లీ రంగు వేయగానే, నాళం గోడ పక్కన రంగు ఎక్కని ఒక మచ్చ బయటపడింది. మెత్తని కొవ్వు గడ్డ రక్తం లాగే నల్లగా కనబడుతుందనీ, తొందరపడితే చేయి దాటిపోయేది అలాంటిదేననీ ఆయన వివరించారు.

రిపోర్టు గంటలో ఇచ్చారు. ఎడమ వైపు మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం, అంటే లోపలి కరోటిడ్‌లో రక్తవేగం సెకనుకు 148 సెంటీమీటర్లు అని అందులో ఉంది. వేగం 125 దాటితే నాళం సగానికి పైగా, 230 దాటితే 70 శాతానికి పైగా మూసుకుందని సాధారణంగా లెక్కిస్తారు కాబట్టి, మొదటి రిపోర్టులోని 40కి ఇది పొసగదు. గడ్డ మెత్తనిదనీ, పైభాగం ఎగుడుదిగుడుగా ఉందనీ కూడా రాశారు. నా దృష్టిలో ఇది శాతం కన్నా పెద్ద విషయం. సున్నం పట్టి గట్టిబడిన గడ్డ కదలకుండా ఉండవచ్చు. మెత్తనిది పగిలితే దాని మీద కట్టిన రక్తపు గడ్డ మెదడు దాకా పోయి పక్షవాతం తెస్తుంది. అలాగని శాతం అక్కరలేదని కాదు: 1991లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధనలో, లక్షణాలు కనబడి 70 శాతానికి పైగా మూసుకున్నవారిలో రెండేళ్లలో ఆ నాళం ఉన్న వైపు మెదడులో స్ట్రోక్ వచ్చే ముప్పు మందులతోనే ఉన్నవారికి 26 శాతం, నాళంలోని కొవ్వు తీసే ఆపరేషన్ కూడా చేయించుకున్నవారికి 9 శాతం. బాపుది ఆ గీతకు కింద ఉన్నందున, నిర్ణయానికి ముందు సీటీ యాంజియోగ్రామ్ (మందు ఎక్కించి రక్తనాళాలను చూసే స్కాన్) కూడా అడిగారు. నలభై ఏళ్ల బీడీ ఆ రోజుతో ఆగింది.

ఈ సెంటర్‌తో నాకున్న పేచీ కౌంటర్ దగ్గరే. రూ. 1,800 కట్టించుకుని, ఏ లక్షణమూ లేని నన్ను కూడా పక్షవాతం ప్యాకేజీ చేయించుకోమని వెంటపడ్డారు. లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష మూకుమ్మడిగా చేయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం అనే నిపుణుల బృందం 2021లో కూడా చెప్పింది. ముప్పు తక్కువ ఉన్నవారిలో లేని జబ్బు ఉన్నట్టు తేలి, అక్కరలేని పరీక్షలకూ ఆపరేషన్లకూ దారి తీస్తుంది. పైగా లిఫ్టు పని చేయక, కాలు చేయి పడిపోయినవారిని రెండో అంతస్తుకు కుర్చీలో మోసుకురావడం కళ్లారా చూశాను.

అయినా ఆరు నెలల తరువాత మళ్లీ అక్కడికే పోతాము, ఎందుకంటే పాత కొలతతో పోల్చాలంటే అదే మిషన్, అదే చేయి ఉండటం మేలు. ఆ రేడియాలజిస్టు వారంలో మూడు సాయంత్రాలే వస్తారు కాబట్టి, ముందుగా ఫోన్ చేసి ఆయన ఉన్న రోజు కనుక్కుని బయలుదేరాలి.