జీన్స్ సైజు అడిగి కిల్ట్ కుట్టిస్తామంటే నమ్మకండి

స్కాట్లండ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు పెళ్లికో, కాన్వొకేషన్‌కో కిల్ట్ (అక్కడి మగవాళ్లు నడుముకు చుట్టి కట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే గళ్ల బట్ట) కొనాలనుకుంటే ముందు ఇది చదవండి. నాకు 240 పౌండ్లు పోయాయి. డబ్బు కంటే ఎక్కువ బాధ, ఎంతో ఇష్టపడి కొన్నది అలా అయినందుకు.

నేను గ్లాస్గోలో ఉంటాను. ఆఫీసులో స్నేహితుడు స్టిర్లింగ్‌లో తన పెళ్లికి కిల్ట్ కట్టుకుని రమ్మని అడిగాడు. ఎడిన్‌బరో వెళ్లి, రాయల్ మైల్ అనే వీధిలో ఒక షాపులో ఆర్డర్ ఇచ్చాను. ఎనిమిది గజాల అచ్చమైన ఉన్ని, మీ కొలతలకే కుట్టిస్తాం, ఆరు వారాలు పడుతుందన్నారు. కొలతలు అన్నారే గానీ టేపు బయటికి తీయలేదు. జీన్స్ సైజు అడిగి రాసుకున్నారు. నేను అక్కడే ఆగిపోవాల్సింది.

జీన్స్ నడుము కిందకి వేస్తాం. కిల్ట్ బొడ్డు దగ్గర కట్టాలి. తెలిసిన దర్జీ బొడ్డు దగ్గర చుట్టుకొలత, పిరుదుల చుట్టుకొలత, బొడ్డు నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా పొడవు, మూడూ తీసుకుంటాడు. నాది పెళ్లికి రెండు రోజుల ముందు వచ్చింది. బొడ్డు దగ్గర పట్టీలు అందలేదు. కిందికి దించి కడితే మోకాళ్లు మూసేసింది.

బట్ట సంగతి పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారు పట్టుకున్నారు. చేతిలోకి తీసుకోగానే "చాలా తేలిగ్గా ఉంది బాబూ" అన్నారు. పదహారు ఔన్సుల రకం (బట్ట ఎంత మందమో ఔన్సుల్లో చెబుతారు) ఉన్నితో కుట్టిన ఎనిమిది గజాల కిల్ట్ దాదాపు రెండు కిలోలు తూగుతుంది, అందులో సగం కూడా లేదిది. అంచు లోపలి నుంచి ఒక పోగు లాగి వెలిగించారు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద అవుతుంది. ఇది ప్లాస్టిక్‌లా కరిగి గట్టి పూసలా అయింది. అక్రిలిక్!

ఆయనే వెనక కుచ్చిళ్లు కూడా చూపించారు. చీరకు కుచ్చిళ్లు ముందుంటాయి, కిల్ట్‌కు వెనక. మంచి పనివాడు టార్టాన్ (కిల్ట్ బట్ట మీది రంగుల గళ్ల నమూనా) గళ్లు కుచ్చిళ్ల మీద కూడా తెగకుండా సాగేలా మడిచి, పై భాగం చేత్తో కుడతాడు. నాదానికి ఇస్త్రీ మడతలే, గీతకు గీత కలవలేదు. పైగా షాపులో అమ్మాయి కిల్ట్ పిన్నును ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పొరలకూ కలిపి గుచ్చమంది. అలా చేస్తే నడిచేటప్పుడు బట్ట లాగి చిరుగుతుంది. పిన్ను పై పొరకే.

టార్టాన్ విషయంలోనూ భయపెట్టారు. మీకు క్లాన్ (స్కాట్లండ్ వంశం) లేదు కాబట్టి ఈ ఒక్కటే వేసుకోవచ్చన్నారు. అలాంటి చట్టం ఏదీ లేదు. బ్లాక్ వాచ్ లాంటి టార్టాన్లు ఎవరైనా వేసుకుంటారు. వాళ్లు రిజిస్టర్ అయిందని చెప్పిన పేరు, 2009 నుంచి నడుస్తున్న స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టాన్స్‌లో వెతికితే కనిపించలేదు. అక్కడ ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు, కొనేముందే చూడండి.

వాపసు అడిగితే, కొలతలకు కుట్టినవి తీసుకోం అన్నారు. ఆ మినహాయింపు మనసు మారి వెనక్కి ఇచ్చేవాళ్లకే. చెప్పిన సరుకు ఇవ్వకపోతే, 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం చేతికి వచ్చిన 30 రోజుల్లోపు తిప్పి ఇచ్చి పూర్తి డబ్బు అడగవచ్చు. అందుకే బిల్లు మీద "ఉన్ని" అని, ఎన్ని గజాలో, ఎన్ని ఔన్సులో రాయించుకోండి. నా బిల్లు మీద "ఉన్ని" అని ఉంది, అదే ఇప్పుడు నా ఆధారం. వంద పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డుతోనే కట్టండి, షాపు మొండికేస్తే బ్యాంకును అడిగే హక్కు ఉంటుంది. నేను పోయిన వారమే బ్యాంకుకు రాశాను.

పెళ్లికి గ్లాస్గోలో అద్దెకు తీసుకున్న కిల్ట్ కట్టుకుని వెళ్లాను. అక్కడ టేపుతో మూడు కొలతలూ తీసుకున్నారు, సరిగ్గా మోకాలి మధ్యకు వచ్చింది. ఒక్కరోజు కోసమైతే అదే నయం. కొనాలనే ఉన్నవాళ్లు డబ్బు కట్టేముందు గ్లాస్గో వస్తే, నా దగ్గరున్న ఈ అక్రిలిక్ ముక్కను ఒకసారి చేత్తో పట్టుకుని చూసి వెళ్లండి.