బాక్సు తెరిచేవరకే గ్యారంటీ: వంద వనరాజ కోడిపిల్లల ఆర్డరు మీద నా రివ్యూ

ఐదుకి మూడు స్టార్లు. చెప్పిన జాతి పిల్లల్నే పంపినందుకు ఒకటి, టీకా వేశామన్న మాటకి బిల్లు మీద రుజువు చూపించినందుకు ఒకటి, పిల్లలు చస్తున్నప్పుడు కూడా ఫోను ఎత్తినందుకు ఒకటి. మిగతా రెండూ ఎందుకు కోశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే ఆ హ్యాచరీ పేరు పెట్టడం లేదు. బస్సు పార్సిల్లో పిల్లల్ని పంపేవాళ్లు చాలామంది పెట్టె తెరిచేవరకే గ్యారంటీ అనే ఇదే షరతు పెడుతున్నారు, కాబట్టి పేరు కంటే ఆ షరతు సంగతి తెలియడం ముఖ్యం.

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. దసరాకి పుంజులు చేతికి రావాలంటే ఆషాఢంలోనే పిల్లల్ని దించుకోవాలి. వనరాజ అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమని తయారుచేసిన రకం. నాటుకోడిలాగే తిరిగి మేస్తుంది, బరువు మాత్రం త్వరగా పట్టేస్తుంది. గుడ్లు ముఖ్యమనుకునేవాళ్లు అదే సంస్థవాళ్ల గ్రామప్రియ తీసుకుంటారు. సంస్థ దగ్గరే కావాలంటే ముందు బుక్ చేసి మన వంతు వచ్చేదాకా ఆగాలి. దసరా మనకోసం ఆగదు కాబట్టి ప్రైవేటు హ్యాచరీకి ఫోన్ చేశాను.

ఒక రోజు పిల్ల 35 రూపాయలు. పెట్టె, బస్సు ఖర్చు వేరే. వందకి రెండు పిల్లలు ఉచితం. చిల్లులు పెట్టిన అట్టపెట్టె, లోపల నాలుగు గదులు, గదికి పాతిక చొప్పున. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం. రాత్రి బస్సులో వేసి, డ్రైవర్ నంబరు వాట్సాప్‌లో పంపారు. తెల్లవారేసరికి బస్టాండులో చేతికి అందింది. రాత్రంతా తిండీ నీళ్లూ లేకుండా ఎలా అని కొత్తవాళ్లు కంగారు పడతారు గానీ, గుడ్డులోంచి బయటికి వచ్చేముందు పచ్చసొనని పిల్ల కడుపులోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులు అదే దానికి సద్ది. ఈ పచ్చసొన సంగతి గుర్తుపెట్టుకోండి, గొడవంతా అక్కడే వచ్చింది.

షరతు ఏమిటంటే, పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయాలి, అందులో చచ్చి కనబడిన వాటికే డబ్బు వాపసు. తెరిచాను. 102లో ఒక్కటే పోయింది. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. అంతవరకు ఐదు స్టార్ల సర్వీసే.

మా దగ్గర బ్రూడింగ్‌కి, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే ఏర్పాట్లకి లోటు లేదు, ఇంతకుముందు కూడా పెంచాం. ఊక పరిచి, పైన పాత పేపర్లు వేసి, చుట్టూ రేకు తడిక కట్టి, ముందు రోజు సాయంత్రమే బల్బులు వెలిగించాను. ఎల్‌ఈడీ బల్బులు వెలుతురే గానీ వేడి ఇవ్వవు, పాత ఫిలమెంటు బల్బులే కావాలి. అవి ఇప్పుడు వెతుక్కుంటే గానీ దొరకడం లేదు. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, ఆ తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెప్పేస్తాయి: బల్బు కింద కుప్పగా పడితే చలి, అంచులకి పోయి నోరు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని తిరిగితే సరిగ్గా ఉన్నట్టు. మావి పరుచుకునే తిరిగాయి. బెల్లం నీళ్లలో ఒక్కోదాని ముక్కు ముంచి వదిలాను, తర్వాత మొక్కజొన్న రవ్వ వేశాను.

మర్నాడు పొద్దున కొన్ని పిల్లలు మూలకి చేరి కళ్లు మూసుకుని నిలబడ్డాయి. రెక్కలు వేలాడేసి, ఆపకుండా సన్నగా అరుస్తున్నాయి. అందులో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పాను. మంచి పిల్లకి బొడ్డు ఎక్కడుందో వెతుక్కోవాలి, నూగు కింద మూసుకుపోయి ఉంటుంది. దీనికి మినపగింజంత నల్లటి పెచ్చు, దాని చుట్టూ తడి, పొట్ట ఉబ్బి చర్మం కింద ఆకుపచ్చగా కనబడుతోంది. ముక్కు దగ్గరికి తెస్తే కుళ్లిన వాసన. ఇంకో నాలుగైదు తిప్పి చూస్తే అవీ అంతే. ఆ సాయంత్రానికి నాలుగు పోయాయి. మొదటి వారం గడిచేసరికి మొత్తం 17.

హ్యాచరీకి ఫోన్ చేస్తే మొదటి జవాబు ఊహించినదే: "బ్రూడింగ్‌లో తేడా వచ్చుంటది మేడమ్. బల్బులు ఎన్ని పెట్టారు? కరెంటు పోయిందా?" బొడ్డు ఫోటోలు పంపాను. "పెట్టెలో ఒకటే కదా పోయింది, మీరే వీడియో పంపారు" అన్నారు. తీసిన వీడియో నా మీదికే సాక్ష్యమైంది. మా అత్తమ్మ వింటూ కూర్చుని, "తల్లికోడి పన్నెండు పిల్లల్ని దించితే కాకి నాలుగు, పిల్లి మూడు ఎత్తుకుపోయేవి, అప్పుడు ఎవరికి ఫోన్ చేశాం" అంది. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు గానీ, ఆ పన్నెండూ ఎవరూ 35 రూపాయలు పెట్టి కొన్నవి కాదు.

చచ్చిన వాటిలో తాజాగా పోయిన రెండింటిని కవరులో చుట్టి మండలంలోని పశువైద్యశాలకి పట్టుకెళ్లాను. చాలామంది చేయని పని ఇదే. చచ్చిన పిల్ల మనకి చెత్తే గానీ డాక్టరుకి అది రిపోర్టు. డాక్టరు మేడమ్ కత్తెరతో పొట్ట కోసి చూపించారు. ఈపాటికి ఇంకిపోవాల్సిన పచ్చసొన సంచి అలాగే పెద్దగా ఉంది, లోపల పచ్చటి నీళ్లు, కంపు. బొడ్డు పూర్తిగా మూసుకోకముందే సూక్ష్మక్రిములు లోపలికి పోతే ఇలా అవుతుందని, గుడ్లు మురికిగా ఉన్నా, పొదిగే మిషన్ శుభ్రంగా లేకపోయినా ఆ క్రిములు చేరతాయని, మిషన్‌లో వేడి, తేమ తేడా వస్తే బొడ్డు సరిగ్గా మూసుకోదని చెప్పారు. బతికినవాటి నీళ్లలో కలపడానికి యాంటీబయాటిక్ రాశారు, ఎన్ని రోజులు ఇవ్వాలో కూడా రాసిచ్చారు. బాగా ఉబ్బినవి మందుకి లేవవని ముందే అన్నారు, లేవలేదు. రాణిఖేత్ చుక్కల మందు, అంటే మనం కొక్కెర రోగానికి వేసేది, మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో వేయాలి. నీరసంగా ఉన్న పిల్లలకి టీకా వేయకూడదు కాబట్టి అవి తేరుకున్నాకే వేయమన్నారు.

తెలుపు విరేచనాలు వచ్చి, తోక కింద రెట్ట అంటుకుపోయి చచ్చే జబ్బు ఇంకొకటి ఉంది, అది తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా కూడా వస్తుంది. దాన్ని పరీక్ష చేస్తే గానీ తేల్చలేరు. మా వాటిలో ఆ లక్షణం లేదు. ఏదైనా సరే, పిల్లల్ని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మా చిన్నదానికి పిల్లల్ని బుగ్గకి ఆనించుకునే సరదా, దానికే కాపలా కాయాల్సి వచ్చింది.

మొదటి వారంలో వందకి రెండు మూడు పోవడాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ తప్పుగా చూడరు. రెండు పిల్లలు అదనంగా వేసేది కూడా అందుకే. 17 పోతే మాత్రం ఎక్కడి లోపమో అడగాలి. డాక్టరు మేడమ్ రాసిచ్చిన చీటీ ఫోటో పంపేసరికి హ్యాచరీ గొంతు మారింది. ఓనరే మాట్లాడారు, మర్యాదగానే. ఆ రోజు దించిన పిల్లల మీద ఇంకో ఇద్దరు కూడా ఫోన్ చేశారని ఆయన నోటితోనే అన్నారు. అయినా డబ్బు వాపసు లేదు. పోయిన వాటిలో సగం పిల్లల్ని వచ్చే ఆర్డరులో కలిపి ఇస్తామన్నారు. సగం ఎందుకంటే "మా రూల్ ప్రకారం అది కూడా ఇవ్వకూడదమ్మా" అని జవాబు. ఒక స్టారు అక్కడ పోయింది. ఇంకో స్టారు ఆ షరతుకే పోయింది. బొడ్డు జబ్బు పెట్టె తెరిచేటప్పుడు కనబడదు, రెండో రోజు నుంచే బయటపడుతుంది. అది తెలిసిన హ్యాచరీ వాళ్లే గ్యారంటీని పెట్టె తెరిచే నిమిషానికి ఆపేస్తే దాన్ని గ్యారంటీ అనను.

తర్వాత ఇంకో ఆరు పోయాయి, వాటిని మాత్రం హ్యాచరీ ఖాతాలో రాయను. మూడో వారంలో ముసురు పట్టి, గాలికి జల్లు లోపలికి కొట్టి ఊక తడిసింది. రెట్టలో రక్తం కనబడింది. ఇది కాక్సిడియోసిస్, మనవాళ్లు రక్తపారుడు అంటారు. తడి ఊకలో పుట్టి పెరిగే జబ్బు. పెట్టెలో వచ్చేది కాదు. మేడమ్ ఆంప్రోలియం పొడి నీళ్లలో కలిపి ఇవ్వమన్నారు. ఒక జాగ్రత్త: ఆ మందు ఇస్తున్న రోజుల్లో బి విటమిన్ టానిక్ ఇవ్వకూడదు. క్రిమికి బి1 అందకుండా చేయడమే ఆ మందు పని, మనం పైనుంచి బి1 పోస్తే మందు దండగ. షాపువాడు రెండు సీసాలూ కలిపి చేతిలో పెట్టాడు, టానిక్ తిరిగి ఇచ్చేశాను. తడి ముద్దలు ఎత్తేసి పొడి ఊక పోశాక మిగతావి నిలబడ్డాయి.

ఇప్పుడు 78 ఉన్నాయి. జాతి విషయంలో మోసం లేదు, రంగు బ్రాయిలర్‌ని నాటు పేరుతో అంటగట్టేవాళ్ల మధ్య అది చిన్న విషయమేమీ కాదు. మారెక్స్ అనే వైరస్ జబ్బుకి టీకా ఒక రోజు వయసులో హ్యాచరీలోనే వేయాలి, ఆ తర్వాత మనం చేయగలిగింది ఉండదు. బిల్లు మీద ఆ టీకా బ్యాచ్ నంబరు, తేదీ ఉన్నాయి. బండి మీద గంపలో తెచ్చి అమ్మేవాళ్లని ఈ మాట అడిగితే నవ్వుతారు.

ఆర్డరు పెట్టేవాళ్లు డబ్బు పంపేముందు ఒక్క మాట వాట్సాప్‌లో రాయించుకోండి: మొదటి ఏడు రోజుల్లో వందకి ఐదు కంటే ఎక్కువ పోయి, అది బొడ్డు జబ్బని పశువైద్యులు రాసిస్తే పూర్తి పిల్లల్ని మళ్లీ ఇవ్వాలి. నోటి మాట వద్దు. ఆసుపత్రి దూరమైతే 1962కి ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల నంబరు అదే. నేను ఈ షరతు ఓనరుకి పంపాను. "ఆలోచిస్తాం మేడమ్" అన్నారు. నాకు రావాల్సిన సగం పిల్లల్ని సంక్రాంతి బ్యాచ్‌లో తీసుకుంటాను, కానీ బస్సులో వేయించుకోను. మా ఆయన వెళ్లి, అక్కడే ఒక్కోదాన్ని వెల్లకిలా తిప్పి చూసి తెస్తారు.