వేలెడంత ఎర్ర ఆర్కిడ్: న్యూగినీదా, బ్రెజిల్‌దా?

డెండ్రోబియం కత్‌బర్ట్‌సోనీ, కాట్లియా కాక్సీనియా. రెండూ అరచేతిలో ఇమిడే మొక్కలు. ఒంటికి మించిన పూలు పూయడంలో దేనికదే సాటి. రెండోది నర్సరీ జాబితాల్లో ఇంకా సోఫ్రోనైటిస్ అనే పాత పేరుతోనే కనిపిస్తుంది; 2008లో కాట్లియాల్లో కలిపారు. ఏది కొనాలని ఎవరైనా అడిగితే, ముందు మీ ఇంట్లో రాత్రిళ్లు ఎంత చల్లగా ఉంటాయో చెప్పమంటాను. పువ్వు సంగతి తర్వాత.

కత్‌బర్ట్‌సోనీ న్యూగినీలో ఎక్కువగా రెండు వేల మీటర్లు దాటిన కొండల మీద, నాచు పట్టిన కొమ్మలపైనా, రోడ్డు పక్క గట్లపైనా పెరుగుతుంది. కాక్సీనియాది ఆగ్నేయ బ్రెజిల్‌లోని సెర్రా దో మార్ అనే తీరపు కొండల వరుస. ఎత్తు తక్కువే అయినా, సముద్రం మీంచి వచ్చే పొగమంచు అక్కడి చెట్లను తడుపుతూనే ఉంటుంది. రెండింటికీ రాత్రి 10 నుంచి 13 డిగ్రీలుంటే హాయి. హైదరాబాదులో, విజయవాడలో మే నెల రాత్రులు 26 డిగ్రీల కిందికి దిగడమే కష్టం. రాత్రంతా ఏసీ వేసి పెంచే ఓపిక లేకపోతే రెండూ వద్దు. వేసవి ఉక్కను ఓర్చుకునే జపాన్ మొక్క వాండా ఫాల్కేటాను చూడండి. ఊటీలో ఉన్నవాళ్లు, శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన మనవాళ్లు మాత్రం ధైర్యం చేయవచ్చు. ఆ నగరానికి హెచ్ హెచ్చీ జలాశయం నుంచి వచ్చే నీటిలో లవణాలు చాలా తక్కువ, అది అదనపు లాభం.

పూల లెక్కలో పోటీయే లేదు. కాక్సీనియా పువ్వు కొన్ని వారాలుంటుంది. కత్‌బర్ట్‌సోనీ పువ్వు నెలల తరబడి, ఒక్కోసారి ఆరు నెలలకు పైగా అలాగే నిలుస్తుంది. ఎరుపే కాదు, పసుపు, నారింజ, గులాబీ, రెండు రంగులు కలిసినవీ ఉన్నాయి. చాలామంది ఇక్కడే పడిపోతారు.

కానీ ఆ పువ్వు వెనక మొక్క మహా మొండిది. వేళ్లు ఒక్కరోజు ఎండినా ఊరుకోదు, అలాగని నీటిలో నానినా సహించదు. బోరు నీళ్లు అసలు పనికిరావు. వాన నీరో, ఆర్‌వో నీరో పోయాలి. చిన్న కుండీలో స్ఫాగ్నమ్ నాచు వేసి, అది కుళ్లకముందే మారుస్తుండాలి. ముదురాకుపచ్చ ఆకు మీద చక్కెర అద్దినట్టు సన్నని పలుకులు మెరుస్తుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. అయితే జబ్బు చేస్తే ఆ ఆకు ముందుగా ఏమీ చెప్పదు. బాగానే ఉందనుకున్న మొక్క ఉన్నట్టుండి ఆకులు రాల్చేస్తుంది.

కాక్సీనియా అలా కాదు, అడిగితే చెప్పే రకం. వెలుతురు సరిపోతే ఆకు నడి ఈనె ఎర్రబారుతుంది. నీరు తగ్గితే ఉబ్బెత్తు కాడ ముడతలు పడుతుంది, సర్దుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది. బెరడు ముక్కకు కట్టి, పొద్దున్నే తడిపి, గాలి ఆడనిస్తే చాలు. ఒక్క పట్టింపు ఉంది: కొత్త వేళ్లు తొంగిచూసే సమయంలో తప్ప దాన్ని కదపకూడదు.

అందుకే మొదటి మొక్కగా కాక్సీనియాకే నా ఓటు. అది రెండు వేసవులు గట్టెక్కి పూసిందంటే, అప్పుడు కత్‌బర్ట్‌సోనీ తెచ్చుకోండి. అదీ విత్తనం నుంచి పెంచిన చిన్న మొక్కలు, ఒకటికి రెండు. విదేశం నుంచి తెప్పిస్తే సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి.