నడుం బెల్టు: చాన్నాళ్ళు వాడిన ఒక ఫాస్ట్ బౌలర్ మాట

మెడికల్ షాపుల్లో దొరికే నడుం బెల్టు ఉంటాది కదా, వెనకాల నిలువుగా బద్దలు, ముందు వెల్క్రో, పక్కల నుంచి లాగి అతికించుకునే ఎలాస్టిక్ పట్టీలు, డబ్బా మీద లంబో సేక్రల్ బెల్ట్ అని రాసుంటాది, దాని గురించే ఇది. ఇంటర్‌లో మొదలెట్టి డిగ్రీ అయ్యేదాకా వాడాను, ఒకటి పాడైతే రెండోది కూడా కొన్నాను. మాది ఒడిశాలో పర్లాకిమిడి, రైట్ ఆర్మ్ ఫాస్ట్ వేస్తాను, సంక్రాంతి టైంలో బోర్డర్ దాటి పాతపట్నం, టెక్కలి వైపు టోర్నమెంట్లకి కూడా పోతుంటాం. ముందే చెప్పేస్తున్నా, ఈ బెల్టు బస్సులో కూచోడానికి బాగుంటాది, బౌలింగ్‌కి మాత్రం దండగ.

నా నొప్పి ఎలాంటిదంటే ముందుకి వంగితే పెద్దగా ఏమీ ఉండదు, వెనక్కి విరుచుకుంటే మాత్రం ఎడం పక్క ఒక్క చోట, వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అని చూపించొచ్చు, అక్కడ కలుక్కుమంటాది. స్పెల్ వేసిన రాత్రి మంచం మీద పక్కకి తిరగాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే. ఊళ్ళో ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి అంతా నార్మల్, కండ పట్టేసింది అన్నారు, మాత్రలు రాసి బెల్టు పొద్దున్నుంచి రాత్రి దాకా కట్టుకోమన్నారు. ఎన్నాళ్ళు కట్టుకోవాలో, ఆట ఆపాలో వద్దో ఒక్క ముక్క చెప్పలేదు, నాకు ఇప్పటికీ మండేది అక్కడే.

ఇంట్లోవాళ్ళు మాత్రం ఊరుకుంటారా. అమ్మ వావిలాకు కాపడం, పక్కింటాయన వేడి నీటి బుగ్గలుండే తప్తపాణి తీసుకుపోయి ఆ వేడి నీళ్ళలో ముంచమని, నాన్నమ్మ అయితే ఎదురుకాళ్ళతో పుట్టినోడు తంతే నడుం పట్టు పోతాదని మా అత్త కొడుకుని పట్టుకొచ్చింది, వాడు సంతోషంగా రెడీ అయిపోయాడు, ఎందుకంటే అంతకుముందు ఆదివారమే వాడి మిడిల్ స్టంప్ లేపాను. తన్నించుకోలేదు లెండి. కాపడం వల్ల కండ కాస్త వదులవుతాది, ఆ మాట నిజమే, కానీ నా గొడవ కండలో కాదు.

చివరికి విశాఖపట్నం పోయి ఎంఆర్ఐ తీయిస్తే తెలిసింది, ఎల్5 పూస, అంటే నడుంలో అన్నిటికంటే కింది పూస, దాని వెనక భాగంలో ఎడం వైపు స్ట్రెస్ రియాక్షన్ అని, అంటే మాటిమాటికీ బరువు పడి ఎముక లోపల దెబ్బతినడం, ఇంకా చీలిక రాకముందు దశ. వెన్నుపూసకి వెనకాల సన్నటి ఎముక ముక్క ఉంటాది, దాన్ని పార్స్ అంటారు, బంతి వదిలేటప్పుడు ఒళ్ళు వెనక్కి విరిగి, పక్కకి ఒరిగి, మెలి తిరిగి, మళ్ళీ ముందుకాలు దబ్బుమని నేలకి కొట్టేసరికి ఆ బరువంతా అక్కడే పడతాది. అందుకే కుడిచేతి బౌలర్లకి ఎక్కువగా ఎడం పక్కే వస్తాదంట. మొదట్లో ఇది మామూలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, కాబట్టి టీనేజ్ కుర్రోళ్ళకి వెనక్కి వంగితే నొప్పి వస్తూ వారాలు గడిచినా తగ్గకపోతే ఎక్స్‌రే నార్మల్ అన్నారని వదిలేయొద్దు. బుమ్రా అంతటోడే 2022 టీ20 వరల్డ్ కప్‌కి నడుం వల్లే దూరమయ్యాడు, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ అయ్యాక ఆగస్టులో ఐర్లాండ్ మీద గానీ మళ్ళీ ఇండియాకి ఆడలేదు.

మరి బెల్టు ఏం చేస్తాదంటే, పొట్టని నొక్కి పట్టి నడుముకి కాస్త ఆసరా ఇస్తాది, తప్పుగా వంగబోతే బద్ద గుచ్చుకుని గుర్తు చేస్తాది. అంతే. ఈ మెత్తటి ఎలాస్టిక్ బెల్టు బౌలింగ్‌లో వెనక్కి విరగడాన్ని ఏమీ ఆపలేదు, పైగా నొప్పి కొంచెం తగ్గినట్టుండి ఇంకో రెండు ఓవర్లు వేసేయాలనిపిస్తాది, ఎముక మానాల్సిన టైంలో అది మహా డేంజర్. ఇంగ్లండ్‌లో వైద్యం ఎలా చేయాలో సలహాలిచ్చే నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో అయితే మామూలు నడుం నొప్పికి బెల్టులు ఇవ్వొద్దనే రాశారు. నేను అంత కచ్చితంగా అనను, గతుకుల రోడ్డు మీద బస్సులో బరంపురం పోయొచ్చిన రోజు అది లేకపోతే నా పని అయిపోయేది.

నన్ను నిలబెట్టింది ఏటంటే డాక్టర్ బౌలింగ్ పూర్తిగా ఆపించడం, నెలల తరబడి, ఫీల్డింగ్‌లో త్రో కూడా వద్దన్నాడు. తర్వాత ఫిజియో చెప్పిన మూడు ఎక్సర్‌సైజులు, కెనడా ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ పేరు మీద చలామణీలో ఉన్నవే: వెల్లకిలా పడుకుని చేతులు నడుం కింద పెట్టి తల, భుజాలు కొంచెం మాత్రమే లేపడం, పక్కకి మోచేతి మీద ఆనుకుని ఒళ్ళు నిటారుగా పట్టడం, నాలుగు కాళ్ళ మీద ఉండి ఎదురు చెయ్యీ కాలూ చాపడం. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటాది కానీ పది సెకన్లు కదలకుండా పట్టి చూడండి, చేతులు వణికిపోతాయి. బోరు కొడతాది, ఒప్పుకుంటా. తిరిగి బంతి పట్టినప్పుడు కూడా ముందు నడిచొచ్చి కొన్ని బంతులు, తర్వాత సగం రనప్, అలా వారం వారం పెంచుకుంటూ పోవడమే, టోర్నమెంట్ ముందు రోజు ఒక్కసారే అరవై బంతులు వేసే అలవాటుంటే మానెయ్యండి.

ఇక వస్తువుగా చూస్తే, ఎండాకాలంలో కడితే నరకం, ఒట్టి ఒంటి మీద కడితే బద్దల వెంబడి చెమటకాయలు లేస్తాయి, లోపల కాటన్ బనీను తప్పనిసరి. వెల్క్రోకి దూది, తువ్వాలు నూలు పట్టేసి కొన్నాళ్ళకి పట్టు పోతాది, పాత టూత్ బ్రష్‌తో గీకితే మళ్ళీ కొంచెం పనిచేస్తాది. బద్దలు తీసి చన్నీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి, మా ఇంట్లో వాషింగ్ మెషీన్‌లో వేసేశారు, మొదటిది అలాగే పోయింది. అన్నం తినేటప్పుడు వదులు చేసుకోవాలి, పడుకునేటప్పుడు తీసేయాలి. స్ప్రేలూ వాడాను, చల్లగా మండి కాసేపు మరిపిస్తాయి, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, ఒంటికో రెంటికో అదుపు తప్పుతున్నా బెల్టు సంగతి తర్వాత, వెంటనే పెద్దాసుపత్రికి పొండి. జ్వరంతో కలిసి నడుం నొప్పి వచ్చినా చూపించుకోవాల్సిందే.

అయిదుకి రెండున్నర ఇస్తాను. ప్రయాణాలు ఎక్కువుంటే కొనుక్కోండి, సైజు మాత్రం ప్యాంటు నంబర్ చూసి కాదు, బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలిచి తీసుకోండి, షాపులోనే కట్టుకుని ఒకసారి కుర్చీలో కూచుని చూడండి, పై అంచు పక్కటెముకలకి గుచ్చుకుంటే ఇంకో సైజు అడగండి.