లైటర్ సాకెట్ వోల్ట్‌మీటర్: పనికొస్తుంది, కానీ సగమే

కారు లైటర్ సాకెట్‌లో గుచ్చే ఈ చిన్న మీటర్, ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ మీద ఓ కన్నేసి ఉంచడానికి చాలు. ఇంజిన్ ఆన్‌లో 13.8 నుంచి 14.5 వోల్టులుంటే ఛార్జింగ్ బాగున్నట్టే. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి 1,500 ఆర్‌పీఎంలో 13.2 కిందికి జారితే బెల్టు వదులైందో, ఆల్టర్నేటర్ లోపలి బ్రష్‌లు అరిగాయో చూడాలి. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. అలాగే వదిలేస్తే బ్యాటరీలో నీళ్లు ఊరికే ఇంకిపోతాయి. అవసరాన్ని బట్టి వోల్టేజీని పెంచి తగ్గించే స్మార్ట్ ఛార్జింగ్ ఉన్న కొత్త కార్లలో మాత్రం కాసేపు 12.8 కనిపించినా కంగారొద్దు.

అసలు లోపం వేరే ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు చాలా కార్లలో సాకెట్‌కి కరెంటు ఆగిపోతుంది, మీటర్ ఆరిపోతుంది. బ్యాటరీ సత్తా తేలేది ఆ క్షణంలోనే! పైగా వైరింగ్‌లో పోయేది పోగా రీడింగ్ కాస్త తక్కువే వస్తుంది. బ్యాటరీ సంగతి తేల్చాలంటే మల్టీమీటర్‌ను నేరుగా టెర్మినళ్లకే పెట్టాలి: రాత్రంతా ఆగిన కారులో 12.6 ఉండాలి, సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6కి తగ్గకూడదు.